తొమ్మిది సీసాల కరువు

మా జిల్లాకు ఉన్న కరువులు చాలవన్నట్టు లేని కరువునొకదాన్ని నేను కనిపెట్టాను. అదీ మా ఊళ్ళో కాదు, సముద్రం ఒడ్డున. వేల ఏళ్ళ కిందట అక్కడ కొంతకాలం వానలు ముఖం చాటేశాయనీ, ఉప్పునీళ్ళలో పెరిగే మడ అడవి ఎండిపోయిందనీ, ఆ జాగాలో పొడినేల మొక్కలు మొలిచాయనీ లెక్కలు కట్టి, బొమ్మలు గీసి, నేను నమ్మి, మరొకరిని నమ్మించాను. ఆ కరువు రానే లేదు. అది ఎలా పుట్టిందో తెలిసినవాళ్ళం ఇద్దరం. అందులో ఒకరు పోయారు. తెలియాల్సిన మూడో మనిషికి నేనే తెలియనివ్వలేదు. అది తప్పో ఒప్పో ఈనాటికీ తేల్చుకోలేక రాస్తున్నాను గానీ ఎవరినో ఉద్ధరించడానికి కాదు.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పెంచింది అవ్వ, చదివించింది నాయన. ఆడపిల్లను రాట్నం ముందు కూర్చోబెట్టకుండా కాలేజీకి పంపితే వీధి ఊరుకుంటుందా? "ఏమప్పా, పాపను సదువు సదువని పంపిస్తాండావు, రేపు నీ మగ్గం ఎవురు పట్టుకోవాల?" అని వచ్చినవాడల్లా అడిగేవాడు. "మగ్గం నాతోనే పోనీలే, నీకేం నొప్పి?" అనేవాడు నాయన, చేతిలో నాడె ఆపకుండానే. పోగును అటూ ఇటూ లాక్కుపోయే ఆ నాడె చప్పుడు మధ్యలోనే మా ఇంట్లో మాటలన్నీ జరిగేవి. ఎవరేమన్నా ఆయన దగ్గర జవాబు తయారుగా ఉండేది. ఆ జవాబుల నీడలోనే నేను ఎమ్మెస్సీ దాకా చదివాను.

అరవైల మొదట్లో హిందూపురంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ. పిల్లలకు మందారపువ్వు కోసి చూపించడం, గాజుపలకలు కడిగి ఆరబెట్టడం, ఇదీ పని. నాతో చదివిన మగవాళ్ళు అదే ఎమ్మెస్సీతో లెక్చరర్లయి పాఠాలు చెబుతున్నారు. నేను అడిగితే ప్రిన్సిపాల్ నవ్వి, "నువ్వు పీహెచ్‌డీ తెచ్చుకోమ్మా, అప్పుడు చూద్దాం" అన్నారు. సరే, తెచ్చి నీ బల్లమీద పడేస్తానని మనసులో అనుకున్నాను. అప్పట్లో నాకు పొగరు బాగానే ఉండేది.

సముద్రతీరంలో ఒక యూనివర్సిటీలో పనిచేసే పెద్దాయన నన్ను తన దగ్గర చేర్చుకున్నారు. ఆయన పని పాత పుప్పొడి. పువ్వు వాడిపోతుంది, చెట్టు కుళ్ళిపోతుంది, కానీ పుప్పొడి రేణువు పైనుండే తొడుగు మాత్రం బురదలో పడితే వేల ఏళ్ళైనా చెక్కుచెదరదు. ఒక్కో చెట్టు రేణువుది ఒక్కో రూపం. ఉప్పుటేరు పక్క బురదలోకి గొట్టం దించి పైకి లాగితే, అడుగున పాతకాలపు బురద, పైన కొత్తది, వరసగా వస్తుంది. ఏ లోతులో ఏ చెట్టు రేణువులు ఎన్ని ఉన్నాయో మైక్రోస్కోపు కింద లెక్కపెడితే, అప్పుడు ఆ ఒడ్డున ఏ అడవి ఉండేదో, వానలు ఎలా పడేవో చెప్పవచ్చు. వేసవి సెలవుల్లో నేనూ వెళ్ళి మోకాళ్ళలోతు బురదలో నిలబడ్డాను. సముద్రాన్ని చూడ్డం అదే మొదలు. గొట్టంలో వచ్చిన బురదను జానెడుకొక ముక్క చొప్పున గాజు సీసాల్లో పెట్టి, బిరడా బిగించి, మీద మైనం పోసి, చెక్కపెట్టెలో సర్దుకుని రైల్లో హిందూపురం తెచ్చుకున్నాను. చుక్క నీటికి బావి గిలక అరిగిపోయే ఊళ్ళో కూర్చుని మడ అడవిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఇదంతా నాయనకు చెబితే శ్రద్ధగా విన్నాడు. "పూలపొడి అంత గట్టిదా? పట్టు మాదిరా?" అని అడిగాడు. పట్టుకన్నా గట్టిదన్నాను. ఆయన తల పంకించాడు. పట్టుకన్నా గట్టిది లోకంలో ఉందని ఆయన ఒప్పుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. అవ్వ మాత్రం బుగ్గన చెయ్యి పెట్టుకుని, "కొండను తవ్వి ఎలకను పట్టినట్టు, ఇది సముద్రం తవ్వి పూలపొడి పట్టుకొచ్చింది సూడు" అని నవ్వింది. వీధిలో మాత్రం నాయన, "మా పాప డాక్టరైతాది. సూదులేసే డాక్టరు గాదు, పుస్తకం రాసే డాక్టరు" అని చెప్పుకుంటూ తిరిగాడు. అనకు నాయనా అంటే వినేవాడా!

నాకు యూనివర్సిటీ ఇచ్చిన గడువు పెద్దదేం కాదు. కాలేజీలో పొద్దంతా పిల్లలు, పరీక్షలు. సాయంత్రం నాలుగు గంటల తరవాతే ల్యాబు నాది. అందుకే మూడో ఏడు దసరా సెలవులకు మైక్రోస్కోపును ప్రిన్సిపాల్ కాళ్ళావేళ్ళా పడి అడిగి తీసుకుని, సీసాల పెట్టెతో సహా ధర్మవరం వచ్చేశాను. మగ్గం గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాను. మైనం తీసి, బురద మెత్తబడిందో లేదో చూసుకుని, తరవాత ఉడికించాల్సిన సీసాలు బల్లమీద వరసగా పెట్టాను. మిగిలినవి పెట్టెలోనే ఉన్నాయి.

మహానవమి రోజు నేను ఇంట్లో లేను. పెనుకొండకు పోయాను. బురదలోని రేణువులను గుర్తుపట్టాలంటే పక్కన పెట్టి పోల్చుకోడానికి ఇప్పటి మొక్కల రేణువులు ఉండాలి. వానలకు కొండమీద సహదేవి, గుంటగలగర లాంటివి పూసి ఉంటాయి, మళ్ళీ వారానికి ఉండవు. పండగపూట కొండలెక్కుతావా అని అవ్వ తిట్టింది. పొద్దున రైలుకు పోయి, ఎండలో కొండంతా తిరిగి, కాగితాల మధ్య మొక్కలు సర్దుకుని సాయంత్రానికి ఇంటికొచ్చాను. ఇల్లంతా సాంబ్రాణి వాసన. మగ్గానికి పసుపు, కుంకుమ, బంతిపూల మాల. ఆయుధపూజ కదా, ఆ రోజు మా ఇళ్ళలో మగ్గం మీద చెయ్యి వేయరు, దానికి దండం పెడతారు. నా మైక్రోస్కోపుకూ ఒక మాల, నడినెత్తిన ఇంత కుంకుమబొట్టు! "నాయనా, ఇది కాలేజీది, నా కొంప ముంచుతావా" అని కసిరాను. "అన్నం పెట్టేది ఏదైతే అదే దేవుడమ్మా. రేపు పొద్దున దాకా ముట్టుకోవద్దు" అన్నాడు. మర్నాడు మాల తీసి, బొట్టు తుడిచి, అద్దాలు శుభ్రం చేసుకున్నాను. అద్దాలకేం కాలేదు. నేను చూసుకుంది అద్దాలే.

సెలవులైపోయాక హిందూపురంలో ఆ సీసాలు ఒక్కొక్కటే ఉడికించాను. ఇసుకను తినేసేందుకు ఒక యాసిడ్, మట్టిని కరిగించేందుకు ఇంకొకటి. చేతులమీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూద్దును కదా, అప్పటిదాకా ఎక్కడ చూసినా కనిపించిన మడచెట్ల రేణువులు పలచబడిపోయి, వాటి మధ్య ఒళ్ళంతా ముళ్ళతో గుండ్రటి రేణువులు కుప్పలుగా ఉన్నాయి. అవి పొద్దుతిరుగుడు కుటుంబానివి. పెనుకొండ కొండమీద నేను ఏరుకొచ్చినవీ ఆ కుటుంబమే, ఎండిన నేలల్లో బతికేవి. వరసగా తొమ్మిది సీసాల్లో అంతే. పదోదాంట్లో మళ్ళీ మడ అడవే. అంటే మధ్యలో ఒక కరువు వచ్చి పోయిందన్నమాట! ఆ రేణువులు మిగతావాటికన్నా శుభ్రంగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అది నా కంట పడకపోలేదు. బురద బాగా కాపాడిందని సర్దిచెప్పుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారే, అదీ నా సంగతి.

పెద్దాయనకు రాస్తే ఆయన పిల్లాడిలా సంబరపడిపోయారు. "అమ్మాయ్, థీసిస్‌కు ప్రాణం దొరికింది. మిగతాదంతా ఒంటిమీద బట్ట లాంటిది" అని ఉత్తరం రాశారు. పండితుల సభలో ఆ తొమ్మిది సీసాల గురించి చదివారు. నేను రాత్రీ పగలూ లేకుండా రాసి, టైపు చేయించాను. మళ్ళీ దసరా నాటికి మూడు ప్రతులు సిద్ధమై బైండింగుకు పోవాల్సి ఉంది. గడువుకు ఇంకా నెలన్నర. ఇంటికి వచ్చి నాయనతో అయిపోయిందని చెప్పాను. ఆయన మొహం చూడాలి! ఆ వారంలో వీధిలో ఆయన చెప్పని మనిషి లేడు.

నవమి పొద్దున నాయన మగ్గం తుడుస్తున్నాడు. నేను గుమ్మంలో కూర్చుని మాల కడుతున్నాను.

"ఈ తూరి ఆ సీసాలు తేలేదేం పాపా?" అన్నాడు.

"వాటి పని అయిపాయ నాయనా. మన్నంతా వాడేసినా."

"పోయిన తూరి నీకు కలిసొచ్చింది సూడు. నువ్వు యాడికో పోయింటివి. మిసనుకు ఒగదానికి పూజ చేస్తే ఎట్ల? నీకు అన్నం పెట్టేది ఆ మన్ను గదా. మైనం పోసినవి నేను ముట్టుకోలా, నాకు తెలీదా ఏం? బల్లమీద పెట్టినవి మాత్రం మూతలు తీసి, బంతిపువ్వు పసుపునీళ్ళలో ముంచి, ఒక్కోదాంట్లో మూడు మూడు సుక్కలు సల్లినా. మూతేసి పెడితే పూజ లోపలికి ఎట్ల పోతాది? మళ్ళీ ఎట్లుండేవి అట్లనే బిగించి పెట్టినా. ఆ తరవాతనే గదా నీకు అంత మంచిది దొరికింది!"

చేతిలో మాల జారిపోయింది. పూలు గుమ్మంలో దొర్లాయి. బంతి కూడా పొద్దుతిరుగుడు కుటుంబమే. దాని రేణువూ ఒళ్ళంతా ముళ్ళే. పైగా బంతి మన దేశపు మొక్కే కాదు, మొన్న మొన్న ఓడల్లో వచ్చింది. వేల ఏళ్ళనాటి బురదలో దానికేం పని?

"ఎన్ని సీసాలు నాయనా?" అన్నాను.

"తొమ్మిదో పదో. లెక్కపెట్టలేదు. ఏం, ఇంగా సల్లాల్సిండెనా?"

ఏమీ లేదన్నాను. లేచి పెరట్లోకి పోయి, నీళ్ళతొట్టి పక్కన కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. అవ్వ వచ్చి జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

మర్నాడే హిందూపురం పోయాను. ముంజేతి కంకణానికి అద్దమెందుకు గానీ, నాకు ఆశ చావలేదు. ఇంటి మాలలోంచే తెచ్చిన బంతిపువ్వును అవే యాసిడ్లలో ఉడికించి, గాజుపలక మీద పెట్టి, నా తొమ్మిది సీసాల రేణువుల పక్కన చూశాను. అంత పరిమాణమే, అవే ముళ్ళు. యాసిడ్లో ఉడికాక నిన్నటి పూలపొడికీ వేల ఏళ్ళ పూలపొడికీ తేడా చెప్పడం అంత సులువు కాదు. కానీ ఇక్కడ పోల్చడానికి కూడా ఏం లేదు, రెండూ ఒకటే. నోటుపుస్తకం తీశాను. నవమికి ముందు మైనం తీసి బల్లమీద పెట్టినవి తొమ్మిది. ఏ తేదీన ఏవి తెరిచానో నా చేతిరాతే చెబుతోంది. పైపొర గీకి పారేసే వాడుక నాకుంది, కానీ మెత్తటి బురద ఆ చుక్కల్ని అడుగుదాకా పీల్చుకుంది. మడ అడవి పలచబడలేదు. బంతి వచ్చి కుప్పపడితే వందలో మడచెట్ల వంతు తగ్గినట్టు కనిపించింది, అంతే.

ఆ సీసాల్లో చిటికెడు బురద మిగల్లేదు. మిగిలి ఉంటే మళ్ళీ కడిగి, మళ్ళీ లెక్కపెట్టేదాన్ని, ప్రాణం పోయినా సరే.

ఉత్తరంలో రాసే మాట కాదని పెద్దాయన దగ్గరికి రైలెక్కి పోయాను. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని అంతా విన్నారు.

"నేను సభలో చదివానమ్మాయ్" అన్నారు చివరికి.

"తెలుసండీ."

"ఆ తొమ్మిది తీసేస్తే నీ థీసిస్‌లో ఏం మిగులుతుంది?"

"మొదటినుంచీ చివరిదాకా మడ అడవి ఉండేదని మిగులుతుంది. మధ్యలో ఏముందో తెలియదని మిగులుతుంది."

"దానికి పట్టా ఇవ్వరు."

"మళ్ళీ బురద తీద్దామండీ. ఎండాకాలం దాకా గడువు అడుగుదాం."

"అక్కడ ఉప్పుమడులు తవ్వేశారు. నువ్వు నిలబడ్డ చోటు ఇప్పుడు లేదు. గడువు ఇంక పెంచరు, నేనూ వచ్చే ఏడు రిటైరవుతున్నాను." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఎవరు చూడొచ్చారమ్మాయ్? మీ నాయన చెప్పకపోతే నీకూ తెలిసేది కాదు. పంపమని నేను చెప్పను. ఆపమనీ చెప్పను. నీ ఇష్టం."

ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు కోపం లేదు. ముసలాయన, ఆ సంబరం ఆయనకూ చివరి సంబరం. కానీ తప్పు నెత్తిన పెట్టి, ఇష్టం నీదంటే నేనెక్కడికి పోయేది? తిరుగు ప్రయాణమంతా కక్కలేక మింగలేక కూర్చున్నాను. పంపేద్దామని గుంతకల్లు దాకా అనుకున్నాను. ఆ తరవాత మనసొప్పలేదు. మాట దాచడం ఒక్కటే కాదు, ఆ థీసిస్ పట్టుకుని రేపు పిల్లల ముందు నిలబడి 'ఇది ఇలా జరిగింది' అని పాఠం చెప్పాలి. జరగనిదాన్ని, మా ఇంటి పూజను, వేల ఏళ్ళ చరిత్ర అని చెప్పాలి. అది నా నోటితో కాదు.

బైండింగుకు ఇవ్వాల్సిన కాగితాలు ట్రంకుపెట్టెలో పెట్టాను. గడువు దాటిపోయింది. యూనివర్సిటీనుంచి నా పేరు తీసేశామని కార్డు వచ్చింది. పెద్దాయన ఆ తరవాత నాకు రాయలేదు, ఆ కరువు గురించి ఎక్కడా మాట్లాడలేదని మాత్రం తెలిసింది.

ఇక నాయనకు చెప్పాలి. ఏం చెప్పను? ఒకసారి ఆయన చేతిలో అంచు పోగు తప్పి పెళ్ళిచీర పాడైతే మూడు రోజులు అన్నం ముట్టలేదు. అది ఒక చీర. ఇది తన కూతురి బతుకు. "నీ పూజే నా కొంప ముంచింది నాయనా" అని ఎలా అనను? అన్నాక ఆయన మళ్ళీ మగ్గానికి బొట్టు పెట్టగలడా? నాకు ధైర్యం చాలలేదు. అది ప్రేమ అని మీరంటే అనండి. నాకు మాత్రం పిరికితనమే ఎక్కువ కనిపిస్తుంది.

"టయానికి రాసి ఇయ్యలేకపోయినా నాయనా. పోయింది" అన్నాను.

నాడె ఆగిపోయింది. "అయిపోయిందని చెప్పినావే?"

"అయిపోలేదు. ఊరికే చెప్పినా."

ఆయన నావైపు చూసిన చూపు చెప్పలేను. "ఊరికే చెప్పినావా? నేను ఊరంతా చెప్పుకుంటి గదమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తరవాత వారం వీధిలో ఒకాయన, "ఏమప్పా, డాక్టరమ్మ యాడ?" అని నవ్వుతూ అడిగాడు. నేను లోపల ఉన్నాను. నాయన జవాబు కోసం చూశాను. ఆయన తల వంచుకుని పోగు అతుక్కున్నాడు. ఇరవై ఏళ్ళు వీధికి జవాబు చెప్పిన మనిషి, ఆ రోజునుంచి ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాతో కూడా అవసరమైతేనే మాట. "తిన్నావా?" "ఎప్పుడు పోతాండావు?" అంతే.

నేను హిందూపురంలో గాజుపలకలు కడుగుతూనే ఉండిపోయాను. నా చేతికింద చదివిన పిల్లలు లెక్చరర్లయి వచ్చి, నాకే పని పురమాయించారు. అది కూడా సహించాను. శనివారం శనివారం ధర్మవరం పోయేదాన్ని. చెప్పేయాలని ప్రతి శనివారం అనుకునేదాన్ని. రైలు పెనుకొండ దాటేసరికి ధైర్యం దిగిపోయేది.

అరవైల చివర్లో నాయన మంచాన పడ్డాడు. దగ్గు, ఆయాసం. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"పాపా, ఒగ మాట అడుగుతా. నిజం చెప్పు."

"అడుగు నాయనా."

"నీ సదువులో నా వైపు నుంచి ఏమన్నా తక్కువైందా? నేను చేయాల్సింది ఏమన్నా చేయలేదా?"

నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళకు ఆయనే అడిగాడు. గంజిగిన్నె కింద పెట్టాను.

"ఏం తక్కువ చేయలేదు నాయనా. అంతా చేసినావు."

"అట్లయితే నువ్వే కష్టపడలేదు."

"అవును నాయనా. నేనే కష్టపడలేదు."

ఆయన నా చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.